చీర ఉయ్యాలలో మదర్‌బోర్డు

ఆ రోజుల్లో కంప్యూటర్‌ని చూసి నోరు తెరిచేవాళ్ళు రెండు రకాలుగా ఉండేవారు. తెర వెలగ్గానే తెరిచేవాళ్ళు ఒక రకం, డబ్బాకి పక్కరేకు విప్పగానే తెరిచేవాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళు నర్సీపట్నం నిండా ఉండేవారు. రెండో రకానికి, నాకు తెలిసినంతలో, నేనొక్కడినే. డిగ్రీ పూర్తయి, ఏ ఉద్యోగమూ నా కోసం కాచుకుని కూర్చోలేదని తేలిపోయాక, మా అమ్మ నన్ను తీసుకెళ్ళి తన తమ్ముడి దుకాణంలో అప్పగించింది. మా మావయ్య అప్పటిదాకా రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. కాలం మారుతోందని పసిగట్టి, విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. బస్ కాంప్లెక్సుకి నడిచి వెళ్ళేంత దూరంలో పాతకాలపు మేడ అది. కింద ఎరువుల కొట్టు, పైన మా దుకాణం. కింద నుంచి యూరియా వాసన, పైన టంకం వాసన. ఆ రెండూ కలిసిన గాలి పీలుస్తూ మొదటిసారి ఒక మదర్‌బోర్డుని చేతుల్లోకి తీసుకున్నప్పుడు నాకు మళ్ళీ కింద పెట్టబుద్ధి కాలేదు. ఆకుపచ్చ పలక మీద అన్నన్ని గీతలు, ఒకదానికొకటి తగలకుండా ఎవరు గీశారు, ఎలా గీశారు అని అన్నం తింటూ కూడా ఆలోచించేవాడిని. (నేను పరధ్యానంగా ఉండటం చూసి మా అమ్మ ఎవరో అమ్మాయి అయి ఉంటుందని అనుమానపడి, కొన్నాళ్ళు కనిపెట్టి చూసి, కారణం తెలిశాక కాస్త నిరాశపడింది కూడా.)

ఆ పలక మీద నన్ను అన్నిటికంటే ఎక్కువగా లొంగదీసుకున్నది చిప్‌సెట్. ప్రాసెసర్ గురించి అందరూ మాట్లాడతారు, దాని పేరు పేపర్లో వస్తుంది, డబ్బా మీద స్టిక్కరై మెరుస్తుంది. చిప్‌సెట్‌ని పలకరించేవాడు లేడు. కానీ ప్రాసెసర్ ఏం అడగాలన్నా, మెమరీ ఏం ఇవ్వాలన్నా అన్నీ దాని మీదుగానే పోవాలి. ఏజెన్సీ కొండల్లో పండిన పసుపూ చింతపండూ కిందికి దిగాలన్నా, కింది నుంచి ఉప్పూ బట్టలూ కొండెక్కాలన్నా మా ఊరి మీదుగానే కదా పోవాలి, అలాగన్నమాట. రాష్ట్రం పటంలో వేలు పెట్టి వెతికితే గానీ దొరకని మా నర్సీపట్నం లాంటిది ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకటుందని తెలిసిన రోజున నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. మంచి కంపెనీ చిప్‌సెట్ ఉన్న బోర్డులు ఖరీదెక్కువ, ఒకసారి నిలబడితే కదలవు. చవక చిప్‌సెట్ ఉన్నవి సగం ధరకే వస్తాయి, అన్ని పనులూ చేస్తాయి, కాకపోతే ఏ రోజు అలుగుతాయో వాటికే తెలియదు.

ఇక మెమరీ సంగతి. అప్పుడు బజార్లో మూడు రకాలు ఉండేవి. ఎస్‌డీ ర్యామ్ పాతది, నెమ్మదస్తురాలు, అప్పగించిన పని తల వంచుకుని చేసుకుపోయేది. డీడీఆర్ కొత్తగా దిగింది, అదే సమయంలో రెండింతలు మోసేది, ధర కూడా రోజురోజుకీ దిగుతోంది. మూడోది ఆర్‌డీ ర్యామ్, దొరబిడ్డ. ఎప్పుడూ జంటగానే కొనాలి. ఖాళీగా మిగిలిన స్లాట్లలో కూడా పనీపాటా లేని ఉత్త పలకలు గుచ్చి మర్యాద చేస్తే తప్ప అది కదలదు. దాని ధర విన్న రోజు మావయ్య చాలాసేపు కిటికీలోంచి రోడ్డు మీదికి చూశాడు. వీటిలో దేన్ని ఏ చిప్‌సెట్ పక్కన కూర్చోబెడితే ఎంత వేగం, ఎంత నిలకడ, ఎంత ఖర్చు అన్నది నాకు ఊపిరి. కంప్యూటర్ కావాలని మెట్లెక్కి వచ్చిన పాపానికి ప్రతివాళ్ళకీ ఇదంతా వివరంగా చెప్పేవాడిని. గొలుగొండ నుంచి వచ్చిన జీడిపప్పు వ్యాపారి ఒకాయన నేను ఆర్‌డీ ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి, "టీ తాగొచ్చెస్తాను బాబూ" అని దిగి వెళ్ళి, పక్క వీధిలో కంప్యూటర్ కొనుక్కుని ఆటోలో మా ముందు నుంచే పట్టుకుపోయాడు. మావయ్య నన్ను కూర్చోబెట్టి, "ఒరే అల్లుడూ, అడిగినోడికి సమాధానం సెప్పాలి గానీ సదువు సెప్పకూడదురా" అన్నాడు. కోప్పడలేదు, బతిమాలినట్టు అన్నాడు.

అలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం మాకవరపాలెం పక్క పల్లె నుంచి గురువు గారు వచ్చారు. తప్పెటగుళ్ళ గురువు ఆయన. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, జట్టుగా గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ, వాయిస్తూ పాడే ఆట అది. మా వైపు పల్లెల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన వెనక చంకలో నెలల పాపతో ఆయన కూతురు వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే ఆమె నన్ను అడిగింది.

"తమ్ముడూ, కంప్యూటర్లో పాట పట్టొచ్చంట కదా. ఎంత పెద్ద పాటైనా పడతాదేటి?"

పడుతుందన్నాను. ఆమె పాపని నేల మీద కూర్చోబెట్టి, తండ్రి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నాన్నకి గొంతులో కాయ ఉన్నాదంట. విశాపట్నంలో డాక్టర్లు కోసి తీసీయాలన్నారు. తీసీసినాక మాట వస్తాది గానీ, పాట సంగతి మాత్రం సెప్పలేమన్నారు. వచ్చే వారమే రమ్మన్నారు."

గురువు గారు ఈ మాటలు పట్టించుకోనట్టు బల్ల మీద మూత విప్పి ఉన్న కంప్యూటర్ లోపలికి తొంగి చూస్తున్నారు. చూస్తూనే అన్నారు. "పాట నాది కాదు బాబూ. మా అయ్య నాకిచ్చినాడు. కొండ మీంచి ఆవుల మందని దించుకొచ్చిన పాట. నాను ఇంకా ఎవులికీ పూర్తిగా ఇవ్వలేదు. ఇద్దారిలే, తొందరేటి అనుకున్నాను."

మా మావయ్య నిజాయితీపరుడు (వ్యాపారానికి అదే ఆయనకున్న పెద్ద అడ్డంకి). "టేపు రికార్డరు ఉండగా కంప్యూటరెందుకు గురువు గారూ, చవగ్గా అయిపోతాది కదా" అన్నాడు. కూతురు తల అడ్డంగా ఊపింది. "అదీ అయినాది బావూ. సగంలో కేసెట్టు అయిపోతాది. తిప్పి పెట్టీసరికి నాన్న మల్లీ మొదట్నుంచి ఎత్తుకుంటాడు. మజ్జిన ఆపితే ఆయనకి మరి రాదు." గురువు గారు తప్పు తనదేనన్నట్టు నవ్వారు. నేను ఆ నవ్వు చూసి, మావయ్య వైపు చూడకుండానే, "పట్టేద్దాం అక్కా" అనేశాను.

మా దగ్గరున్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒక లక్షణం ఉంది. పాడుతున్నంతసేపూ పాటనంతా మెమరీలోనే పట్టి ఉంచుకునేది. చివర్లో ఆపమన్నాకే డిస్కులోకి దించేది. మధ్యలో యంత్రం బిగుసుకుపోయిందా, అప్పటిదాకా పాడిందంతా గాలికి పోయినట్టే. అంటే ఆ ముసలాయన గొంతులో మిగిలినదంతా కాసేపు వేలెడు పొడుగు ర్యామ్ ముక్క మీద నిలబడాలి. ఆ ముక్కని చిప్‌సెట్ నిలబెట్టాలి. అన్నాళ్ళుగా నేను చెప్పిన ఉపన్యాసాలన్నిటికీ ఇదొక పరీక్ష అనిపించింది. మావయ్య నన్ను పక్కకి పిలిచి, "ఏది పెడదాం? ఒక్క ముక్కలో సెప్పు" అన్నాడు. నేను జీవితంలో మొదటిసారి ఒక్క ముక్కలో చెప్పాను. పాట పట్టడానికి వేగం అక్కర్లేదు, నిలకడ కావాలి, కాబట్టి పాత ఎస్‌డీ ర్యామే, కానీ ఖరీదైన చిప్‌సెట్ మీద. మావయ్య కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఆ బోర్డు తరవాత ఎవరూ కొనకపోతే నీ పెళ్ళికి సదివింపుల్లో అదే ఇస్తాను" అన్నాడు. మర్నాడే విశాఖపట్నం బస్సెక్కి బోర్డు తెచ్చాడు.

బిగించాక మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్ పెట్టి పొద్దుట నుంచి సాయంత్రం దాకా దాని ఎదురుగా కూర్చున్నాను. ఆ ప్రోగ్రామ్ చేసే పని వింటే చిన్నదే. మెమరీలో ఉన్న కోట్లాది గదుల్లో ప్రతి గదిలోనూ ఒకటో సున్నానో ఉంచుతుంది, మళ్ళీ వెళ్ళి ప్రతి గది తలుపూ తట్టి, పెట్టింది పెట్టినట్టే ఉందా అని చూస్తుంది. తర్వాత ఇంకోలా పెట్టి మళ్ళీ అడుగుతుంది. నీలం తెర మీద అంకెలు పరిగెడుతుంటే, అన్ని గదుల్లో ఒక్కటి కూడా మరిచిపోలేదంటే, నాకు దండం పెట్టబుద్ధేసింది. నేను మూడో ఎక్కం మరిచిపోయి దెబ్బలు తిన్న ఇంట్లోనే పుట్టి పెరిగాను మరి. సాయంత్రానికి ఒక్క తప్పూ లేదని తేలింది. మావయ్యని పిలిచి చూపిస్తే, అంకెలకేసి కాసేపు చూసి, "ఉప్పుడింక అన్నం తిను" అన్నాడు.

రికార్డింగ్ రోజున జట్టంతా జీపులో దిగింది. తప్పెటలు, గజ్జెలు, తలపాగాలు, అందరికంటే ముందు గురువు గారు. వంత పాడేవాళ్ళు లేకపోతే పాట నడవదట. మా గది వాళ్ళతో నిండిపోయింది. ఫ్యాన్లు ఆపేశాం. కింద ఎరువుల కొట్టు యజమానిని కాసేపు బస్తాలు దించొద్దని బతిమాలుకున్నాం. కూతురు వస్తూనే ఒక పాత నేత చీర తీసి, మా పైకప్పు దూలానికి ఉయ్యాల కట్టి పాపని అందులో వేసింది. నేను కుర్చీ వేసి, మైకు సరిచేసి, గురువు గారిని కూర్చుని పాడమన్నాను. చప్పుడు తక్కువగా ఉంటుందని నా తెలివి. ఆయన బుద్ధిగా కూర్చున్నారు, గొంతు సవరించుకున్నారు, రెండు చరణాలు పాడారు, ఆగిపోయారు. పైకప్పుకేసి చూశారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే ఆగిపోయారు. జట్టులో ఎవరూ నవ్వలేదు.

"కూకుంటే రాదు బాబూ" అన్నారు ఆయన నెమ్మదిగా. "కాలు లెగిస్తే గానీ మాట లెగదు. మా అయ్య నాకు కూకోబెట్టి సెప్పలేదు కదా. ఎగురుతా ఎగురుతా సెప్పినాడు."

సరే, ఎగరండి అన్నాను. గుండెలకి తప్పెటలు కట్టుకున్నారు. పాట మొదలైంది. నేను అప్పటిదాకా తప్పెటగుళ్ళని జాతరల్లో, వేరుశనక్కాయలు తింటూ, జనం వెనక నుంచి చూసినవాడిని. నాలుగు గోడల మధ్య, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో అది మొదలైతే ఎలా ఉంటుందో నాకు తెలియదు. గుండెల మీద రేకు ఒక్కసారిగా మోగేసరికి నా పళ్ళు కదిలాయి. ఆ పెద్దాయన, మెట్లెక్కడానికి కూతురి భుజం పట్టుకున్న మనిషి, నేల మీంచి జానెడు పైకి లేచి గాల్లోనే ఒక మాట పాడి కిందికి దిగాడు. కాపరి కొండ కొమ్మున నిలబడి ఆవుల్ని పేరు పేరునా పిలిచే చోటు వచ్చింది. జట్టంతా ఒక్కసారే ఎగిరింది. నేను ఒళ్ళు మరిచి చూస్తూ, అలవాటు కొద్దీ తెర వైపు తిరిగాను. తెర బిగుసుకుపోయి ఉంది. పాటతో పాటు పరిగెత్తాల్సిన గీత కదలడం లేదు. పాట మొత్తం పోయింది.

తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఏం ఫర్వాలేదు, ర్యామ్ అనుమానంగా ఉంది, మార్చేస్తాను అన్నాను. మార్చాను. గురువు గారు మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఆవుల్ని పిలిచే చోటికి వచ్చేసరికి మళ్ళీ బిగుసుకుపోయింది. అయితే స్లాటు తేడా అన్నాను. పక్క స్లాటులో పెట్టాను. మళ్ళీ అంతే. అయితే ఖరీదైన చిప్‌సెట్టే మోసం చేసిందన్నాను. షెల్ఫులోంచి చవక చిప్‌సెట్ బోర్డు తీసి, దానికి డీడీఆర్ తగిలించి, పెద్ద చదువు చదివినవాడిలా మొహం పెట్టుకుని మూత బిగించాను. అదీ సరిగ్గా ఆవుల దగ్గరే ఆగిపోయింది. జట్టులో ఒకాయన పక్కాయనతో, "ఈ డబ్బాకి ఆవులంటే బయమేమోరా" అన్నాడు. మావయ్య నా చెవి దగ్గరికి వచ్చి, "ఆ దొరబిడ్డనే తెచ్చుంటే సరిపోయేదేమోరా" అని నిట్టూర్చాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఎంత కష్టంలో ఉన్నామో ఊహించుకోండి.

గురువు గారు గోడకి చేరగిలపడి కూర్చున్నారు. కూతురు వేడినీళ్ళు పట్టించింది. ఆయన గొంతు అప్పటికే గరగరలాడుతోంది. నన్ను పిలిచి, ఏ కోపమూ లేకుండా, నేను బాధపడకూడదన్నట్టు చెప్పారు. "ఇంకొక్కపాలి పాడగలను బాబూ. ఆపైన నా వల్ల కాదు."

నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ ముందు ఏడవలేక మళ్ళీ తొలి బోర్డునే బల్ల మీదికి ఎక్కించి, ఊరికే దాని వంక చూస్తూ నిలబడ్డాను. అన్ని గదుల్లోనూ ఒక్క తప్పు లేదు కదే, నిన్న సాయంత్రం దాకా చూశాను కదే అని మనసులో దాన్ని అడుగుతున్నాను. ఆ సమయంలో కింద ఎరువుల కొట్టు యజమాని మెట్లెక్కి వచ్చాడు. తలా మీసాలూ భుజాలూ తెల్లగా ఉన్నాయి. "ఏటండీ ఇది" అన్నాడు మావయ్యతో, మర్యాదగానే. "మీరు ఎగిరినప్పుడల్లా సున్నం నా నెత్తి మీద రాలతన్నాది. నేల కూలిపోదు కదా."

నేను నేల వైపు చూశాను. దూలాల మీద చెక్కలు పరిచిన నేల. దాని మీద బల్ల, బల్ల మీద డబ్బా, డబ్బాలో బోర్డు, బోర్డు మీద నిటారుగా నిలబడ్డ ర్యామ్. పక్కరేకు విప్పి చూస్తే ఆ ముక్క ఒక కొస పైకి లేచి ఉంది. జట్టంతా ఒక్కసారిగా దూకినప్పుడల్లా అదీ వాళ్ళతో పాటు ఎగిరిందన్నమాట. పొద్దుట నుంచి నేను తీసి పెట్టి, తీసి పెట్టి, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు కూడా వదులైపోయింది. వేగమూ నిలకడా ధరా అని అన్ని రకాలుగా బేరీజు వేసినవాడిని, దాన్ని ఏ నేల మీద పెడుతున్నానో మాత్రం చూడలేదు. కిందికి పట్టుకుపోదామంటే రోడ్డు మీద లారీల మోత. గది నాలుగు మూలలా చూశాను. అన్నీ కదిలిన గదిలో కదలనిది ఒక్కటే కనిపించింది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప నోరు కొద్దిగా తెరిచి హాయిగా నిద్రపోతోంది. ఇంత మోతలో, ఇంత దుమారంలో ఒక్కసారి కూడా లేవలేదు.

"అక్కా, పాపని కాసేపు ఎత్తుకోవా" అన్నాను.

ఆమెకి వెంటనే అర్థమైంది. పాపని తీసి మా మావయ్య చేతుల్లో పెట్టింది. మావయ్యా నేనూ కలిసి ర్యామ్‌ని నొక్కిపెట్టి, క్లిప్పుకి దారం చుట్టి, ఆ ఖరీదైన చిప్‌సెట్ డబ్బాని రెండు చేతులా ఎత్తి ఉయ్యాలలో పడుకోబెట్టాం. తీగలన్నీ చీర అంచుల్లోంచి వేలాడుతున్నాయి. మైకు కూడా దూలానికే కట్టాను. కూతురు దగ్గరికి వచ్చి చీర మడత సవరించి, "గాలాడతాదేటి దీనికి" అని అడిగింది. ఆడుతుందన్నాను. "షాకు కొట్టదు కదా, మల్లీ పాపని ఎయ్యాలి ఇందులో" అంది. కొట్టదన్నాను. జట్టంతా తలపాగాలు సర్దుకుంటూ ఉయ్యాల వైపు చూసింది. పుట్టిన బిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి వాళ్ళ మొహాలు. గురువు గారు లేచి నిలబడ్డారు, నేలని వంగి తాకి కళ్ళకద్దుకున్నారు. నేను బటన్ నొక్కాను.

ఆ పాటని మాటల్లో చెప్పే శక్తి నాకు లేదు. గొంతు సగం పోయిన మనిషి ఎలా పాడాడో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. మొదట్లో గరగర వినిపించింది. కాలు లేచాక అది వినిపించడం మానేసింది. మంద కొండ దిగుతోంది, వర్షం పట్టుకుంది, వాగు పొంగింది. ఆవుల్ని పిలిచే చోటు వచ్చింది. జట్టు ఎగిరింది. నేల ఊగింది, బల్ల ఊగింది, గోడ మీద క్యాలెండర్ ఊగింది. ఉయ్యాల మాత్రం చిన్నగా, తనకి తోచినట్టు, ఇటూ అటూ కదిలి ఊరుకుంది. తెర మీద గీత పరిగెడుతూనే ఉంది. తెల్లావు, నల్లావు, కొమ్ము విరిగినావు, తొలిచూలుది, దొంగమేత తినేది, దూడ చచ్చిపోయినది, అలా ఎన్ని పేర్లో, ఒక్కొక్క పేరుకీ ఒక గంతు. ఒక్కటీ తడుముకోలేదు, ఒక్కటీ తప్పలేదు. ముందురోజు నీలం తెర ముందు కూర్చుని కోట్ల గదుల్ని చూసి దండం పెట్టుకోబోయినవాడిని, ఆ రోజు ఈ పెద్దాయన కాళ్ళ వైపు చూస్తూ తెర సంగతే మరిచిపోయాను. పాప ఏడవకూడదని మావయ్య కూడా దాన్ని గుండెకి హత్తుకుని ఒక మూల మెల్లగా ఎగురుతున్నాడు. ఎరువుల కొట్టాయన సున్నం దులుపుకోవడం కూడా మరిచి గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరి ఆవు దొడ్లోకి వచ్చింది. గురువు గారు ఆగారు. నేను డిస్కులోకి దించే బటన్ నొక్కి, అది పూర్తయ్యేదాకా ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడ్డాను. దిగింది.

ఆపరేషన్ అయింది. కాయ తీసేశారు, మనిషి బాగున్నారు, మాట వచ్చింది. పాట రాలేదు. డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఆ మాట కూతురు మా దుకాణానికి వచ్చి చెప్పినప్పుడు, ముందిచ్చిన పాట సీడీ కాక ఇంకో నాలుగు రాసిచ్చాను. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఇప్పుడు దుకాణం నాది. మావయ్య వారానికోసారి వచ్చి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుని వెళ్తాడు. డీడీఆర్‌కి వెనక అంకెలు పెరుగుతూ పోయాయి, దొరబిడ్డ పేరు ఎవరికీ గుర్తులేదు, కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి వచ్చి ఏ చిప్‌సెట్ మంచిదో నాకే చెబుతున్నారు. నేను వింటాను. మధ్యలో టీ తాగొస్తానని ఎప్పుడూ లేచి వెళ్ళలేదు. మొన్న వేసవిలో గురువు గారి ఊళ్ళో జాతర అని ఆయన కూతురు ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళాను. ఎనభై దాటిన గురువు గారు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. గుండెలకి తప్పెటలు కట్టుకుని ఆ ఊరి గుంటలు, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి, గుండ్రంగా నిలబడ్డారు. వాళ్ళలో ఎవరూ గురువు గారి పాట నేరుగా విన్నవాళ్ళు కారు. పాటంతా సీడీలోంచి నేర్చుకున్నారు. ఆయన గుండెల మీద చేత్తో కొట్టి, ఎక్కడ ఎగరాలో చూపిస్తే ఎగరడం నేర్చుకున్నారు.

మొదలుపెట్టే ముందు పిల్లలందరూ గురువు గారి వైపు తిరిగి, చేతులు జోడించి, ఆ వెంటనే తప్పెట మీద దరువు వేస్తూ ఒక్క గొంతుతో ఒక మాట అన్నారు. "మీరు కానివ్వండి గురువు గారూ, మిగతాదంతా నేను చూసుకుంటాను."

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో అనుకుంటూ ఉండగానే పిల్లలు పాటలోకి దూకేశారు. అప్పుడు తట్టింది. ఆ రోజు బటన్ నొక్కాక, గీత పరిగెత్తడం మొదలయ్యాక, ఆయన వైపు తిరిగి నేనే అన్నాను ఆ మాట. పాట కంటే ముందు అది కూడా సీడీలోకి ఎక్కిందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఏమీ చేతకాని ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఉయ్యాలలో డబ్బా పెట్టి, ఎంత ధీమాగా అన్నాడో. నాకు సిగ్గేసింది. మంచం దగ్గరికి వెళ్ళి, "అది పాటలోది కాదు కదా గురువు గారూ, పిల్లలకి చెప్పకపోయారా" అన్నాను.

ఆయన పిల్లల కాళ్ళ మీంచి చూపు తిప్పకుండా, ఆ గరగర గొంతుతోనే చెప్పారు. "సెప్పినాను బాబూ. అది తీసీస్తే ఆల్లకి పాట లెగట్లేదు. ఉంచీసినాను."

పిల్లలు ఆవుల్ని పేరు పేరునా పిలుస్తున్నారు. గురువు గారి పాదాలు మంచం కింద ఒక్కొక్క పేరుకీ కదులుతున్నాయి. నేను ఆయన పక్కన కూర్చుని, ఆనాటి ఆ కుర్రాడు నిజంగా ఏం చూసుకున్నాడా అని ఆలోచిస్తూ, నాలో నేనే నవ్వుకున్నాను.